పాస్‌బుక్‌కు తెలియని పద్దులు

మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి. ఒకటి నోటుపుస్తకం పార్టీ. దానికి అధ్యక్షురాలు, కార్యదర్శి, కార్యకర్త అన్నీ మా ఆవిడే. రెండోది ఫోను పార్టీ. అందులో ఉన్నది నేనొక్కణ్నే. ప్రతి ఆదివారం సాయంత్రం కాఫీ తాగాక ఈ రెండు పార్టీల మధ్యా ఓ చిన్నపాటి అసెంబ్లీ సమావేశం జరుగుతుంది. ఎజెండా ఎప్పుడూ ఒక్కటే... వారమంతా డబ్బు ఎటుపోయింది?

విజయనగరంలో మేముండే వీధి నుంచి గంటస్తంభం దాకా నడిచి వెళ్లి వచ్చేలోపు నా ఫోన్‌లోంచి ఐదారు చోట్ల డబ్బు జారిపోతుంది. టీకి పది, కొత్తిమీరకు ఇరవై, చెప్పు కుట్టించినందుకు ముప్పై, మందుల షాపులో రెండొందల పద్నాలుగు. ఇవన్నీ నేనెందుకు రాయాలి? బ్యాంకు రాస్తోంది కదా! నెలాఖరున స్టేట్‌మెంటు దించుకుని, ఇంటి లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే సరి. తారీఖు, మొత్తం, మిగిలిన నిల్వ పైసాతో సహా వరసగా వచ్చి కూర్చుంటాయి. చేత్తో రాస్తే ఒకటి మర్చిపోతాం, ఇంకోటి తప్పు వేస్తాం. ఇదీ నా వాదన.

మా ఆవిడ వాదన చాలా చిన్నది. ‘‘ఎక్కించాక చూస్తున్నారా?’’

దానికి నా దగ్గర చాలాకాలం జవాబు లేదు. ఎక్కిస్తున్నాను, రంగురంగుల చక్రం ఒకటి వస్తోంది, దాన్ని చూసి తృప్తిపడి ఫోను పక్కన పెట్టేస్తున్నాను. అంతవరకే.

మా నాన్నగారు నరసన్నపేటలో ఓ రైసుమిల్లులో గుమస్తాగా చేశారు. మిల్లులో రెండు పుస్తకాలుండేవి. చిఠ్ఠా, ఆవర్జా. ఏ పూట జరిగింది ఆ పూట వరసగా రాసుకునేది చిఠ్ఠా. దాన్ని మనిషిమనిషికీ, సరుకుసరుకుకీ విడదీసి ఖాతాల కింద ఎక్కించేది ఆవర్జా. చిఠ్ఠా ఆయన మాట్లాడుతూనే రాసేసేవారు. ఆవర్జా ఎత్తేటప్పుడు మాత్రం ఎవరైనా పలకరిస్తే విసుక్కునేవారు. ఇప్పుడాలోచిస్తే తెలుస్తోంది... మనం ఫోన్‌లోకి దించుకుంటున్న బ్యాంకు స్టేట్‌మెంటు చిఠ్ఠా మాత్రమే. ఆవర్జా ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తానని సాఫ్ట్‌వేర్ అంటుంది గానీ, ఎలా ఎత్తిందో మనం చూడటం లేదు.

రాత్రి మిల్లు కట్టేశాక గల్లాపెట్టెలో ఉన్న నగదూ పుస్తకంలో తేలిన నిల్వా ఒక్కటవ్వాలి. ఐదు రూపాయల తేడా వచ్చినా ఆయన అన్నానికి వచ్చేవారు కాదు. ‘ఆ ఐదు రూపాయలేవో నేనిస్తాను, రండి’ అని అమ్మ ఓసారి కబురు పంపిందట. ‘డబ్బు కోసం కాదు, పద్దు కోసం’ అని తిరుగు కబురు వచ్చిందట. ఆ రాత్రి అమ్మ కూడా తినలేదు. ఈ కథ మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటాం, అప్పుడు మాత్రం ఎవరూ నవ్వి ఉండరు.

బ్యాంకు కంటికి కనిపించేవి

2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది. అదే ఏడాది నవంబరు 8న పెద్దనోట్ల రద్దు. డిసెంబరు 30న భీమ్ యాప్. ఆ తర్వాత కొన్నేళ్లకే క్యూఆర్ కోడ్ అట్టముక్క లేని బండి కనిపించడం కష్టమైపోయింది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు బూరలమ్ముకునే కుర్రాడి మెడలో కూడా ఓ అట్ట వేలాడుతుంటే చూశాను. ఆ లెక్కన మన ఖర్చుల్లో చాలా భాగం బ్యాంకు పుస్తకంలోకి ఎక్కుతున్నట్టే.

మరి ఆ పద్దులో ఏముంటుంది? పన్నెండంకెల నెంబరు, ఎదుటివారి పేరు, వాళ్ల బ్యాంకు. ఎందుకు ఇచ్చామన్నది ఉండదు. రైతుబజారులో వంకాయలు కొంటే ఆ రైతు కొడుకు పేరు పడుతుంది. చేపలమ్మే ఆమె అట్ట మీద ఖాతా ఆమె అల్లుడిది. మూడు నెలల తర్వాత చూస్తే, ఈ నాయుడుగారెవరు, ఆయనకు నేను 180 ఎందుకిచ్చాను అని నెత్తి గోక్కోవాలి. సాఫ్ట్‌వేర్ కూడా పాపం తనకు తోచినట్టు సర్దుతుంది. మేం మందులు కొనే షాపు పేరులో ‘జనరల్’ అనే మాట ఉందని ఆ ఖర్చంతా కిరాణాలో కలిపేసింది. ఆరు నెలలపాటు మా ఇంట్లో మందుల ఖర్చు సున్నా. నాకు బీపీ, ఆవిడకు థైరాయిడ్... ఆ చక్రం ప్రకారం ఇద్దరం వజ్రాల్లా ఉన్నాం!

అన్నిటికన్నా పెద్ద మాయ ఏటీఎంది. ఐదువేలు తీశామంటే అది ఖర్చు కాదు. బ్యాంకు గల్లాలోంచి మన గల్లాలోకి మారింది, అంతే. కానీ దిగుమతి చేసిన లెక్కలో అది ఖర్చుగానే పడుతుంది. నేను మా ఆవిడ ఖాతాకు పదివేలు పంపితే నా వైపు ఖర్చు, ఆమె వైపు ఆదాయం. ఇల్లు మొత్తానికి పైసా అటూఇటూ కాలేదు. క్రెడిట్ కార్డు మీద కొన్నది ఓసారి, ఆ కార్డు బిల్లు కట్టింది మరోసారి లెక్కలోకి వస్తే ఒకే టీవీని రెండుసార్లు కొన్నవాళ్లమవుతాం. ఇలాంటివాటిని ‘బదిలీ’ అని మనమే కూర్చుని మార్చాలి.

చిన్న ఖర్చుల సంగతి ఇంకో రకం. 2022 సెప్టెంబరులో యూపీఐ లైట్ వచ్చింది. పిన్ కొట్టకుండా చిన్న మొత్తాలు చెల్లించవచ్చు. ముందుగా అందులో కొంత వేసుకుంటాం. బ్యాంకు పుస్తకంలో ఆ వేసుకున్నది మాత్రం ఒక్క పద్దుగా పడుతుంది. దాంతో తాగిన టీలు, తిన్న బజ్జీలు అక్కడ కనబడవు. పైగా 2024 జూన్‌లో ఓ పెద్ద ప్రైవేటు బ్యాంకు వంద రూపాయల వరకు చేసే యూపీఐ చెల్లింపులకు ఎస్సెమ్మెస్ పంపడం ఆపేసింది. ఎస్సెమ్మెస్‌లు చదివి లెక్క వేసే యాప్‌లకు ఆ ఖర్చులు జరగనట్టే.

పిన్ని పుస్తకం

ఇదంతా మాకు కాలక్షేపం వాదన. మా పిన్ని కొడుక్కి కాదు.

వాళ్లది కవిటి దగ్గర పల్లె. ఉద్దానం. బాబాయికి నాలుగేళ్లుగా కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు... ఈ మండలాల్లో ఆ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. ఎందుకొస్తోందో ఒకే కారణంగా ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. బాబాయి మాత్రం ఇంటికి దగ్గరని వారానికి రెండుసార్లు సోంపేట వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాడు. అక్కడ దానికి డబ్బు తీసుకోరు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే, ఆయన మాత్రం బొండాం ముట్టకూడదు. పొటాషియం ఉంటుందట.

మా తమ్ముడికి హైదరాబాదులో ఉద్యోగం. ఇంకా పెళ్లి కాలేదు, ముగ్గురు కలిసి గది తీసుకున్నారు. నెల మొదట్లో ఇంటికి పదివేలు పంపుతాడు. అమ్మానాన్నల జాయింటు ఖాతాకు ఇచ్చిన ఫోన్ నెంబరు వాడిదే. మెసేజీలన్నీ హైదరాబాదే వెళ్తాయి. తన ఖాతా, వాళ్ల ఖాతా కలిపి ఒకే లెక్కల యాప్‌లో పెట్టుకున్నాడు. వాళ్ల ఖాతాలో నెలనెలా మూడో తారీఖున ఒక్క గీత... ఏటీఎం 10,000. ఆ తర్వాత నెలంతా నిశ్శబ్దం. యాప్ దానికి ఎర్రరంగు వేసి ‘ఇతర ఖర్చులు’ అని పేరుపెట్టింది. నెలనెలా ఆ ఎర్రరంగు చూసి చూసి వాడికి ఏదో అనిపించింది.

సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు అడిగేశాడు. నేనూ అక్కడే ఉన్నాను. ‘‘అమ్మా, పదివేలూ ఒకేసారి తీసి ఏం చేస్తున్నావ్? డయాలసిస్ ఉచితమే కదా.’’

పిన్ని ఏమీ మాట్లాడలేదు. లోపలికెళ్లి బియ్యం డబ్బా మీద నుంచి ఓ పొడుగుపుస్తకం తెచ్చి వాడి ముందు పెట్టింది. ‘‘నెక్క నేదనుకున్నావేటి? సదువు’’ అంది.

పిన్ని చదువు ఏడో తరగతితో ఆగింది. కానీ ఊళ్లో డ్వాక్రా సంఘానికి చాలాకాలం లెక్కలు రాసింది. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, పుస్తకాల నిర్వహణ... సంఘాలవాళ్లు చెప్పే ఈ పంచసూత్రాల్లో ఐదోది ఆమె చేతి మీద నడిచింది. ఎడమ పేజీ జమ, కుడి పేజీ ఖర్చు. ఒక్క కొట్టివేత లేదు.

వాడు నేలమీదే కూర్చుని చదివాడు. ఆటో రానూపోనూ 300 చొప్పున తొమ్మిదిసార్లు, 2,700. అక్కడ టిఫిను, టీ తొమ్మిది రోజులకూ 720. బయట కొన్న మందులు 3,150. పాలు 1,200. సంఘం వాయిదా 1,500. నూతి మోటారు బాగుచేయించినందుకు 650. నిల్వ 80. ‘‘ఆటోకి ఫోన్‌లో కొట్టొచ్చుగా’’ అన్నాడు కాస్త గొంతు తగ్గించి. ‘‘నెంబరు నీది, కాతా నీ సేతిలో ఉంది. నానేటి కొట్టేది బావూ?’’ అంది పిన్ని. అదీ నిజమే. ఖాతాకు జతపడిన నెంబరు వాడి దగ్గరుంటే ఆమె ఫోన్‌లో యూపీఐ ఎలా పనిచేస్తుంది?

అంతటితో అయిపోతే బాగుండేది. వాడు పేజీ తిప్పాడు.

ఆ పేజీలో ‘పింఛను జమ 10,000’ అని ఉంది. డయాలసిస్ రోగులకు ప్రభుత్వమిచ్చే పింఛను. ఒకటో తారీఖున ఇంటికొచ్చి చేతికిచ్చే నగదు కాబట్టి బ్యాంకు మొహం చూడదు. దానికెదురుగా కుడివైపు బియ్యం, పప్పులు, కరెంటు బిల్లు, వాటి కింద ‘అప్పు వడ్డీ 1,200’. వెనక్కి తిప్పితే కిందటి నెలలోనూ 1,200. అంతకుముందు నెలలోనూ అంతే. బాబాయికి జబ్బు బయటపడిన కొత్తలో విశాఖపట్నం ఆసుపత్రుల చుట్టూ తిరగడానికి ఊళ్లోనే ఒకరి దగ్గర తెచ్చిన అరవైవేలు. నూటికి రెండు రూపాయల వడ్డీ. వినడానికి రెండే గానీ, ఏడాదికి 24 శాతం. ముప్పైనాలుగు నెలల వడ్డీ పద్దులు వరసగా ఉన్నాయి. 40,800 రూపాయలు. అసలు అరవైవేలూ అలాగే ఉంది.

అప్పు నగదుగా వచ్చింది. నగదుగానే ఖర్చయింది. వడ్డీ నగదుగా పోతోంది. ఏ యాప్‌కూ ఆ సంగతి తెలిసే దారే లేదు. అదే యాప్‌లో మా తమ్ముడి లక్షన్నర ఫిక్స్‌డ్ డిపాజిట్ మాత్రం పచ్చరంగులో మెరుస్తోంది, ఏడు శాతం వడ్డీతో.

‘‘ఎందుకు చెప్పలేదమ్మా?’’ అన్నాడు.

‘‘నువ్వు అడగనేదు. అన్నీ నా ఫోనుకి తెలిసిపోతాయి అన్నావు కదేటి’’ అంది.

ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే తెలిసిపోతుందనుకుంది. వాడికి తెలిసీ ఊరుకుంటున్నాడేమో అని కూడా కొన్నాళ్లు అనుకుందట. ఈ ముక్క ఆమె నాతో విడిగా చెప్పింది, పెరట్లో. వాడితో చెప్పలేదు.

పండగ వెళ్లిన వారానికి వాడు డిపాజిట్ రద్దు చేసి అప్పు తీర్చేశాడు. గడువుకు ముందే తీసినందుకు వడ్డీలో కొంత కోత పడింది. నెలకు పన్నెండు వందల ముందు అదెంత!

నోటుపుస్తకం పార్టీకి దెబ్బ

ఈ కథ విన్నాక మా ఆవిడ రెండు నెలలపాటు నన్ను ప్రశాంతంగా ఉండనివ్వలేదు. ‘చూశారా చేతిరాత మహిమ’ అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. 1998లో ప్రెలెక్, లోవెన్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు డబ్బు చెల్లించేటప్పుడు మనసుకు కలిగే నొప్పి గురించి రాశారు. ఆ నొప్పి ఎంత తెలిస్తే ఖర్చు అంత ఆలోచించి పెడతామన్నది స్థూలంగా దాని సారం. చేత్తో రాసుకోవడమంటే ఆ నొప్పిని రెండోసారి పడటమే కదా. ‘అలాగైతే నేను రోజూ పడుతున్నాను’ అంది మా ఆవిడ.

కానీ నోటుపుస్తకానికీ ఓ గుడ్డితనం ఉంది. మన చేత్తో ఇచ్చింది మాత్రమే మన చేత్తో రాస్తాం. మనల్ని లేపకుండా ఖాతాలోంచి వెళ్లిపోయేవి రాయం. ఎస్సెమ్మెస్ ఛార్జీలు, డెబిట్ కార్డుకు ఏడాది రుసుము, దానిమీద జీఎస్టీ, పిల్లలు ఎప్పుడో ఫోన్‌లో ఒప్పుకున్న సినిమాల చందా. చందాల్లాంటి ఆటోమేటిక్ కోతలకు 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలని 2021 అక్టోబరు నుంచి నిబంధన అమలుచేస్తున్నారు. సమాచారం వస్తూనే ఉంటుంది, చీరల డిస్కౌంటు మెసేజీలకూ లోన్ కావాలా అనే మెసేజీలకూ మధ్యలో.

ఓ ఆదివారం పంతానికి పోయి, మా ఆవిడ ఖాతాకు రెండేళ్ల స్టేట్‌మెంట్లు దించాను. రెండేళ్లనూ నెలకు నెల పక్కపక్కన పెట్టాను. 2024 మే నెలలో 436 రూపాయల పద్దు ఉంది. 2025 మే నెలలో లేదు. జూన్‌లోనూ లేదు. అది ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి బీమా ప్రీమియం. రెండు లక్షల జీవిత బీమా. జూన్ 1 నుంచి మరుసటి మే 31 దాకా వర్తిస్తుంది. ప్రీమియం మే నెలాఖరులో ఖాతాలోంచి దానంతటదే వెళ్తుంది... ఖాతాలో డబ్బుంటే. మా చిన్నవాడి కాలేజీ ఫీజు కోసం ఆ వారమే ఖాతా ఊడ్చేశాం. మిగిలింది 212 రూపాయలు. 436 వెళ్లలేదు. బీమా ఆగిపోయి అప్పటికి నాలుగు నెలలు.

నోటుపుస్తకంలో ఆ పద్దు ఏనాడూ లేదు. ఫోన్‌లోనూ ఆ ఏడాది లేదు. జరగని ఖర్చును ఎవరు చూపిస్తారు? రెండేళ్లు పక్కపక్కన పెడితే ఖాళీ గడి కనబడింది. వెంటనే వెళ్లి మళ్లీ చేరింది. యాభై దాటితే చేర్చుకోరు, ఆవిడకు నలభై ఎనిమిదే కాబట్టి సరిపోయింది. మళ్లీ చేరినవాళ్లకు మొదటి 30 రోజుల్లో ప్రమాదం వల్ల కాకుండా మరణం సంభవిస్తే పరిహారం రాదు. ఆ నెల రోజులూ నేను ఆవిణ్ని మామూలుకన్నా బాగా చూసుకున్నానని ఇంట్లో ఓ అపవాదు.

ఎక్కించే ముందు...

ఇంటి లెక్కల సాఫ్ట్‌వేర్ కొత్తదేం కాదు. జీఎన్‌యూ క్యాష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 1998 నుంచీ ఉంది. మా నాన్నగారు చూస్తే ఇష్టపడేవారు. అచ్చం చిఠ్ఠా-ఆవర్జా పద్ధతే, ప్రతి పద్దుకూ రెండు వైపులుంటాయి. అమెరికాలో 2004లో మొదలైన వైనాబ్ వాళ్లు చాలాకాలం చేత్తో ఎక్కించడమే మంచిదని పట్టుబట్టారు. 2015 చివర్లో వాళ్లూ బ్యాంకు నుంచి నేరుగా తెచ్చుకునే సౌకర్యం పెట్టారు. అన్నీ తనంతట తానే దించుకునే మింట్ 2007లో వచ్చి ఓ వెలుగు వెలిగింది. 2024 మార్చిలో మూసేశారు. దాన్నే నమ్ముకున్నవాళ్లు తమ ఏళ్లనాటి లెక్కల్ని మూటగట్టుకుని వేరేచోట్లు వెతుక్కోవాల్సి వచ్చింది. పిన్ని పుస్తకాన్ని మూసేసేవాళ్లెవరూ లేరు, చెదపురుగులు తప్ప.

మన దగ్గర ఎస్సెమ్మెస్ చదివే యాప్‌లు ఎక్కువ. సులువే, ఫైళ్ల గొడవ లేదు. కానీ ఎస్సెమ్మెస్‌లు చదివే యాప్ ఓటీపీలు కూడా చదవగలదు. ఈ సంగతి తెలిసీ నేను ఏడాదిపాటు వాడాను, తర్వాత భయమేసి తీసేశాను. నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డ్ అడిగే యాప్‌నైతే గుమ్మంలోకి కూడా రానివ్వద్దు. దానికి బదులు అకౌంట్ అగ్రిగేటర్ అనే పద్ధతి ఉంది. రిజర్వు బ్యాంకు 2016లో నిబంధనలు రాసింది, 2021 సెప్టెంబరు 2న బ్యాంకులతో మొదలైంది. పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు. ఏ ఖాతా వివరాలు, ఎవరికి, ఎందుకు, ఎంతకాలం అన్నది చూసి మనం అనుమతి ఇస్తాం, వద్దనుకుంటే వెనక్కి తీసుకుంటాం. మధ్యలో ఉండే అగ్రిగేటర్ సంస్థ వివరాలను మోసుకెళ్తుందే తప్ప చదవలేదు. పోస్టుమాన్ కవరు తెచ్చిస్తాడుగానీ చింపి చదవడు కదా, అలాగన్నమాట. ‘ఎంతకాలం’ అన్నచోట పదేళ్లకూ ఇరవయ్యేళ్లకూ ఒప్పుకునేవాళ్లను చూశాను. ఆ గడి చదవండి.

నేను మాత్రం ఫైలు దించుకునే పాత పద్ధతికే వచ్చాను. దాంతోనూ ఓసారి దెబ్బతిన్నాను. నేను వాడే సాఫ్ట్‌వేర్ అమెరికా పద్ధతిలో నెల ముందు, తారీఖు తర్వాత చదువుతుంది. జూన్ 5న కట్టిన కాలేజీ ఫీజు మే 6కు వెళ్లిపోయింది. 12వ తారీఖు దాటినవి మాత్రం పదమూడో నెల లేదు కాబట్టి ఎర్రగీతలై నిలబడ్డాయి. అవి లేకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. ఇంకోసారి ఒకే నెలను రెండుసార్లు ఎక్కించి, ఇంటద్దె రెండుసార్లు కట్టేశామేమోనని ఇంటాయనకు ఫోన్ చేసినంత పనిచేశాను. పన్నెండంకెల నెంబర్లు పోల్చి చూస్తే రెండూ ఒకటే.

పాత లెక్కలు ఎక్కించాలనుకునే మన జిల్లాలవాళ్లకు ఇంకో తమాషా ఉంది. మా అమ్మ పెట్టెలో ఒకే ఖాతాకు మూడు పాస్‌బుక్కులున్నాయి. ఒకదానిమీద శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు. 2006 విలీనం తర్వాతిదాని మీద ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు. 2025 మే 1 తర్వాతిది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడూ ఇంతే, ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు మారాయి. ఖాతాదారు ఉన్నచోటే ఉన్నాడు, పైన బోర్డే మారింది. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఇవి మూడు వేరువేరు ఖాతాలు, ఒకదాన్నుంచి ఇంకోదానికి మనం ‘బదిలీ’ చూపించాలి.

నెలాఖరు దాకా ఆగకూడదని కూడా తెలిసొచ్చింది. మన తప్పు లేకుండా ఎవరో ఖాతాలోంచి డబ్బు కాజేస్తే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్పినవాళ్లకు నష్టం ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో చెప్పింది. ముప్పయ్యో తారీఖున స్టేట్‌మెంటు దించుకుని, ఐదో తారీఖు నాటి దొంగతనం చూసి లబోదిబోమంటే ఆ మూడు రోజులు ఎక్కణ్నుంచి వస్తాయి? సైబర్ మోసమైతే 1930కి ఆ క్షణమే ఫోన్ చేయాలి.

అందుకని మా రెండు పార్టీలూ ఓ ఒప్పందానికొచ్చాయి. నగదు ఖర్చు ఆవిడ పుస్తకంలో ఏ పూటకాపూట. బ్యాంకు పద్దులు నేను వారానికోసారి ఎక్కిస్తాను, నెలకోసారి కాదు. వారం కిందటి 180 ఎవరికిచ్చామో ఇద్దరిలో ఒకరికైనా గుర్తుంటుంది. ఏటీఎంలో తీసింది ఖర్చు కాదు, ‘ఇంటి డబ్బా’ అనే ఖాతాలోకి జమ. ఆదివారం కాఫీ తర్వాత డబ్బాలో నోట్లు లెక్కపెడతాం, పుస్తకం నిల్వతో చూస్తాం. ఇప్పటిదాకా పైసాతో సహా సరిపోయిన ఆదివారాలు నాలుగే. తేడా యాభైలోపైతే ‘కొట్టుబడి’ అని రాసి మూసేస్తాం. ఈ విషయం నాన్నగారికి తెలియకపోవడమే మంచిది. ఎవరికైనా ఇచ్చిన చేబదులు, తెచ్చిన అప్పు మాత్రం పుస్తకం ఆఖరి పేజీలో ఇద్దరి చేతిరాతతోనూ ఉండాలన్నది పిన్ని ఇంటి నుంచి తెచ్చుకున్న షరతు.

మా తమ్ముడు కూడా పద్ధతి మార్చాడు. ఖాతాకు పిన్ని ఫోన్ నెంబరు జత చేయించాడు. ఆమె ఇప్పుడు ఆటోకి, మందులకి ఫోన్‌లోనే కొడుతోంది, పుస్తకంలోనూ రాస్తోంది. ఆదివారం రాత్రి వాడు ఫోన్ చేస్తే ఆమె పుస్తకంలోంచి చదువుతుంది, వాడు తన యాప్‌లో ఒక్కో గీతకూ పేరు పెట్టుకుంటాడు. కిందటి నెల నేను వెళ్లినప్పుడు స్పీకర్ పెట్టి ఇదే కార్యక్రమం నడుస్తోంది. బాబాయి మంచంమీద పడుకుని వింటున్నాడు. చివరి పద్దు దాకా చదివి, పిన్ని పుస్తకం మూసి, ‘‘నా నెక్క అయిపోనాది. ఇప్పుడు నీది సదువు బావూ’’ అంది.

అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత వాడు చదవడం మొదలెట్టాడు. గది అద్దె, బస్ పాస్, ఫోన్ బిల్లు... ఆ తర్వాత హోటల్ నుంచి గదికి తెప్పించుకున్న భోజనాలు. ఒకటి, రెండు, మూడు... పిన్ని వేళ్లమీద లెక్కపెడుతోంది. పంతొమ్మిది అయ్యేసరికి వేళ్లు ఆపేసింది.

‘‘ముగ్గురున్నారు కదా, వొండుకోవడం నేదేటి?’’ అంది. మంచంమీంచి బాబాయి నవ్వు వినిపించింది.